రెండోసారి తీసిన ముక్క

మా వదిన మా అన్నయ్యను చంపలేదు.

ఇంత చిన్న వాక్యం నలుగురిలో అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది. మా బంధువుల్లో ఎవరినడిగినా మరో కథ చెబుతారు. కడుపులో జబ్బు తన మానాన తను పడుందట. మా వదిన పట్టుబట్టి పరీక్షకని రెండుసార్లు ముక్క తీయించిందట. కత్తి తగిలి జబ్బు కదిలిందట, ఒళ్ళంతా పాకిందట. ఈ కథకు సాక్షి ఎవరంటే నేనే. "ల్యాబులో పనిచేసే తమ్ముడే ఒప్పుకున్నాడు" అంటారు. నేను ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. ఇప్పుడు అంటున్నాను. ఇది అచ్చులో చూసి మావాళ్ళలో కొందరు నాతో మాటలు మానేస్తారు. మానేయనీ.

నేను పనిచేసేది తెనాలిలో ఒక ల్యాబులో. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు చిన్న సీసాల్లో, మందునీళ్ళలో తేలుతూ మా దగ్గరికి వస్తాయి. గొట్టం వేసి కడుపులోంచి తీసినవైతే నూకగింజంత ఉంటాయి. వాటిని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద పరిచి, గాజుపలక మీదికి ఎత్తి, రంగులద్ది ఇవ్వడం నా పని. చూసి జబ్బు తేల్చేది డాక్టరమ్మ. బంధువుల దృష్టిలో మాత్రం నేను సగం డాక్టరుని. ఆ సగం నాకు బాగానే ఉండేది.

అన్నయ్య భట్టిప్రోలు దగ్గర కాలవ లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లకు గండ్లు పడకుండా చూసుకోవడం, రైతుల చేత తిట్లు తినడం ఆయన ఉద్యోగం. గుర్రపుడెక్కంటే ఆయనకు పగ. ఊదారంగు పూలు పూసి అందంగా కనిపించే ఆ డెక్క వంతెన కింద పట్టుకుందంటే కింది పొలాలకు చుక్క నీరు పోదు. అయినా నీళ్ళు పారుతున్న రోజుల్లో ఎవరైనా గెడ కర్రతో దాన్ని పొడవబోతే కేకలేసేవాడు. "కదపబాకండ్రా! ముక్క విరిగి కిందికి పోద్ది. మీ వంతెన దగ్గర పీడ వదిలించుకుని కింది ఊరి నెత్తిన పెడతారా?" వేసవిలో నీళ్ళాపి కాలవ కట్టేశాక, మొత్తంగా ఒడ్డుకు లాగి ఎండబెట్టాలనేది ఆయన పద్ధతి. కాలవ విషయంలో ఆ పద్ధతి సరైందే. కానీ ఆయన దాన్ని తన కడుపుకు కూడా వర్తింపజేశాడు.

జబ్బును మొదట పసిగట్టింది వదిన. ఒకరోజు ఫోను చేసింది.

"రెండు ముద్దలకే చాల్లే అంటున్నాడు మరిదీ. చేపల పులుసు పెట్టినా అంతే. ఈ మనిషి చేపల పులుసు దగ్గర చాల్లే అనడం నా కాపురంలో చూళ్ళేదు."

"గ్యాసయి ఉంటుంది వదినా, మాత్రలు పంపిస్తాను" అన్నాను.

పంపించాను. రేపల్లె బండిలో వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపించాను. మాత్రలు వేసుకుంటే మంట తగ్గేది. తగ్గింది కదా అని ఇంకొన్ని పంపించాను. రేపల్లెలో టిఫిన్ కొట్టు నడిపే మా అక్క మెత్తటి ఇడ్లీలు, పల్చటి మజ్జిగ పంపించేది. అక్క మా ఇద్దరికంటే పెద్దది, అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది. ఆవిడ పంపిన ఇడ్లీ ఒకటి అన్నయ్య తినగలిగితే, "తమ్ముడు కోలుకుంటున్నాడు" అని కొట్టుకొచ్చిన అందరికీ చెప్పేది. అన్నయ్య సన్నబడితే, ఆయనకున్న చక్కెర జబ్బు తగ్గే లక్షణం అన్నాడు ఒక మావయ్య. ఇలా ఆయన చుట్టూ చేరి, ఎవరికి తోచిన సాయం వాళ్ళం చేశాం.

తెనాలి వెళ్దామని వదిన ఒక్కతే పోరుపెట్టింది. "కాలవ కట్టేశాక చూద్దాంలే. ఇప్పుడు కదిపితే పాకుద్ది" అనేవాడు అన్నయ్య. చివరికి ఒక ఉదయం ఆవిడ ఆటోను గుమ్మంలోకి పిలిచి, "ఎక్కుతావా, నన్ను పొమ్మంటావా?" అంది. ఎక్కాడు.

గొట్టం వేసి చూసిన డాక్టరు, లోపలి పొర పెద్ద తేడాగా లేదన్నాడు. గాలి నింపితే మాత్రం కడుపు బుడగలా విచ్చుకోవడం లేదన్నాడు. కొన్ని ముక్కలు తీసి పంపాడు. కోసింది నేనే. డాక్టరమ్మ చూసి, "వీటిలో క్యాన్సర్ కనిపించడం లేదండి. కానీ ఇవన్నీ పైపొరవే. అనుమానం ఉంటే లోతుగా మళ్ళీ తీయాలి" అంది.

ఆ మాటలో మొదటి సగమే నేను ఇంటికి మోసుకెళ్ళాను. "ఏమీ లేదు" అని ఫోన్లో అరిచాను. అక్క ఆ రోజు కొట్టులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కేసరి పెట్టింది. అన్నయ్య సైకిలెక్కి తూము దగ్గరికి పోయాడు. వదిన మాత్రం, "ఏమీ లేకపోతే ముద్ద ఎందుకు దిగట్లేదంటావు మరిదీ?" అని అడిగింది. ఆవిడే మళ్ళీ గొట్టం వేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన ముందు స్కాన్ తీయించాడు. కడుపు గోడ దళసరెక్కి ఉంది. పొట్టలో అప్పటికే నీరు చేరింది. ఆ తర్వాతే రెండోసారి గొట్టం వేసి, లోతుగా ముక్కలు తీశారు. ఈ వరస గుర్తుపెట్టుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను. ముందు స్కాన్‌లో నీరు కనిపించింది. రెండోసారి ముక్క తీసింది ఆ తర్వాత.

ఆ ముక్కల పలక ఇచ్చిన రోజు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు దగ్గర ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఒక్కొక్కటిగా చెదిరి, ఉంగరాల్లా కనిపిస్తున్నాయే, అవీ క్యాన్సర్ కణాలు. ఎక్కువున్నాయా?"

"లేవండి. అక్కడక్కడా ఉన్నాయి."

"చుట్టూ ఉన్న ఈ గులాబీరంగంతా ఏంటి?"

"పీచండి."

"అది ఎవరు వేశారు?"

ఇన్నేళ్ళుగా ఆ గులాబీరంగు అద్దుతున్నది నేనే. ఆ పీచు ఎక్కడిదో ఏనాడూ అడగలేదు.

"మీ అన్నయ్యగారి సొంత కణాలే వేశాయండి" అంది. "చెయ్యి తెగితే మానుతుందే, ఆ మాన్పే పని వీటిది. గాయమైన చోటికి వస్తాయి, పీచు అల్లుతాయి, గాయం మానాక తగ్గిపోతాయి. క్యాన్సర్ మానని గాయం లాంటిది. రమ్మని కబురు పెడుతూనే ఉంటుంది. ఇవి వస్తూనే ఉంటాయి. వచ్చి దానికి పెరిగే సంకేతాలిస్తాయి. ఒకచోట గోడ కట్టి మందును లోపలికి రానివ్వవు, ఒంట్లో కాపలా కణాలను దగ్గరికి రానివ్వవు. ఇంకోచోట అల్లిక సడలించి ఆ ఉంగరాలు జారిపోవడానికి దారి చేస్తాయి. ఈ రకం క్యాన్సర్‌లో కడుపు తోలుసంచిలా బిగుసుకుపోయేది ఈ పీచు వల్లే."

"అంటే ఇవి కూడా క్యాన్సరేనాండి?"

"కాదు. మంచి కణాలే. వీటిలో కొన్ని జబ్బును అడ్డుకుంటాయని కూడా అంటున్నారు. అన్నిటినీ తుడిచేస్తే మేలని చెప్పలేం. ఏవి ఎటు ఉన్నాయో ఇంకా తేలుస్తూనే ఉన్నారు." పలక తీస్తూ, "మొదటిసారి లేనిది రెండోసారి వచ్చిందనుకోకండి. మొదటిసారి మనకు అందలేదు, అంతే" అంది.

అంత వివరంగా నాకు తెలుసు. తెలిసి కూడా పెద్దకర్మ రోజున నేను చేసింది ఇది.

అన్నయ్య కొన్ని నెలలకు పోయాడు. పెద్దకర్మకు భట్టిప్రోలు ఇంటి వసారాలో భోజనాల బంతి వేశారు. వదిన ఓ మూల గోడకానుకుని కూర్చుంది. వడ్డిస్తున్న అక్క ఉన్నట్టుండి గరిటె ఆపింది.

"మొదట కోస్తే ఏమీ లేదన్నారు. మళ్ళీ కోయించింది. పడుకున్నదాన్ని లేపింది. కదపొద్దు కదపొద్దని వాడు మొత్తుకుంటానే ఉన్నాడు." నావైపు తిరిగింది. "నువ్వు చెప్పరా. ముక్క తీస్తే పాకుద్దా, పాకదా?"

బంతిలో చేతులన్నీ ఆగాయి. వదిన కూడా నావైపే చూసింది. నేను విస్తట్లో పప్పు కలుపుతూ అన్నాను: "ఏమో అక్కా... కొన్నిసార్లు..."

అంతే అన్నాను. ఎక్కడో, వేరే అవయవాల్లో, సూది దారిలో కణం జారడం అరుదుగా ఉంటుందని ఎప్పుడో విన్నాను. మా అన్నయ్య కడుపుతో దానికి సంబంధం లేదు. కానీ పూర్తి అబద్ధం కాదన్న ధైర్యంతో ఆ ముక్క వదిలాను. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్న అక్కకు ఎదురు చెప్పలేక అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా సగమే. మాత్రలు పంపింది ఎవరని ఎవరైనా అడుగుతారేమోనని భయం. వదిన మీదికి చూపు పోతే నా మీదికి రాదు.

ఆవిడను ఎవరూ ఇంట్లోంచి పొమ్మనలేదు. పండగలకు పబ్బాలకు పిలవడం తగ్గింది. ఆవిడ వండితే తినడానికి ఏదో అడ్డం చెప్పారు. పిల్లల్లేని మనిషి. ఒకరోజు ఇంటికి తాళం వేసి బాపట్ల వెళ్ళి, ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది.

ఇదంతా ఇలాగే ఉండిపోయేదేమో, అక్కకు ముద్ద దిగడం మానకపోతే.

ఈ ఏడు రేపల్లె వెళ్ళినప్పుడు చూశాను. కొట్టులో పెనం ముందు కూర్చున్న మనిషి జాకెట్టు భుజాల మీంచి జారుతోంది. ఎదుట పళ్ళెంలో సగం ఇడ్లీ ఉంది.

"ఏంటక్కా ఇది?"

"పిండి వాసన పడట్లేదురా. రెండు ముక్కలకే నిండిపోతంది."

"రేపు తెనాలి రా. గొట్టం వేయిస్తాను."

అట్లకాడ చూపించింది. "దీంతో కొడతాను. వాణ్ణి తవ్వించి చంపింది చాలదా? నన్ను కూడా తవ్విస్తావా? నువ్వేగా అన్నావు, కొన్నిసార్లు పాకుద్దని!"

టిఫిను తింటున్న ఆటో డ్రైవరొకడు, "నిజమేనండి, మా బాబాయికీ అంతే. కత్తి పెట్టారు, పోయాడు" అన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. నేను వదిలిన డెక్క ముక్క రేపల్లె దాకా కొట్టుకొచ్చి పెరిగింది.

ఎంత చెప్పినా వినలేదు. "అప్పుడొకటి, ఇప్పుడొకటి చెబితే ఏది నమ్మాలిరా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

బాపట్ల వెళ్ళాను. హాస్టలు వంటింటి వెనక వదిన బీరకాయలు చెక్కుతోంది. నన్ను చూసి పీట జరపలేదు.

"ఏంటి మరిదీ, బండి తప్పు ప్లాట్‌ఫారం మీద ఆగిందా?"

అక్క సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో బీరకాయ ఆగింది. "ఎన్నాళ్ళనుంచి?" అంది. చెప్పాను. తర్వాత, పెద్దకర్మ రోజున నేను అన్నది తప్పని, క్షమించమని చెప్పబోయాను. ఆపేసింది.

"నాకెందుకు చెప్తావు? కత్తి వల్ల కాదని నాకు తెలుసుగా. తెలియనోళ్ళకి చెప్పు. బంతిలో అన్నావు, బంతిలోనే చెప్పు. ఇక్కడికొచ్చి బీరకాయల ముందు చెప్తే ఏమొస్తది?"

"నువ్వు కూడా వస్తే..."

"నేనెందుకు, ఇంకోసారి తిట్టించుకోడానికా?" అని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. నేను గేటు దాకా వెళ్ళాక వెనకనుంచి కేకేసింది. "తద్దినం ఎప్పుడో చెప్పకుండా పోతున్నావే, నాకు చెప్పాల్సిన పన్లేదా?"

తద్దినం రోజున అదే వసారా, దాదాపు అదే మనుషులు. వదిన పొద్దున్నే వచ్చి తాళం తీసి ఇల్లు కడిగింది. అక్క రేపల్లె నుంచి వచ్చి, ఆవిణ్ణి చూసి, మాట్లాడకుండా వసారాలో కూర్చుంది. భోక్తలు లేచాక బంధువులకు విస్తళ్ళు వేశారు. వడ్డన మొదలుకాగానే నేను లేచి నిలబడ్డాను. తద్దినం బంతిలో లేచి మాట్లాడేవాడిని నేనైతే చూడలేదు.

"మూడేళ్ళ కింద ఇక్కడే కూర్చుని ముక్క తీస్తే కొన్నిసార్లు పాకుతుందన్నాను. అన్నయ్యకు అలా జరగలేదు. రెండోసారి ముక్క తీయకముందే పొట్టలో నీరు చేరింది, స్కాన్‌లో నేను చూశాను. జబ్బు పాకింది లోపల్నుంచి. దానికి సాయం చేసింది ఆయన ఒంట్లో గాయాలు మాన్పే కణాలే. బయటనుంచి సాయం చేసింది మనం. మాత్రలు పంపి నేను, ఇడ్లీలు పంపి అక్క, బాగానే ఉన్నాడని మీరందరూ. వెళ్దాం పద అన్నది ఈవిడ ఒక్కతే."

"కూర్చోరా, తద్దినం పూటా ఇదేంటి?" అన్నాడు మావయ్య.

"పెద్దకర్మ పూట అనగా లేనిది తద్దినం పూట అంటే తప్పొచ్చిందా మావయ్యా?"

"మేం ఇడ్లీలు పెట్టి చంపామంటావా?" అంది అక్క.

"చంపామనట్లేదు. ఆ జబ్బు మొండిది. ముందే వెళ్ళినా బతికేవాడని నేను చెప్పలేను. వదిన చంపలేదంటున్నాను. నువ్వు ఆ అబద్ధం పట్టుకుని నీ ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నావంటున్నాను. ఆ అబద్ధం నాది. తిట్టాలంటే నన్ను తిట్టు, గొట్టం మాత్రం వేయించుకో."

ఎవరూ ముద్ద ఎత్తలేదు. అన్నయ్య ఫోటో ముందు పెట్టిన గారెల మీద ఈగలు వాలుతుంటే తోలేవాళ్ళు లేరు. అక్క విస్తట్లో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది. వదిన వచ్చి ఆ విస్తరి ముందు గొంతుక్కూర్చుని అక్కను అడిగింది.

"తినలేకపోతున్నారా వదినగారూ?"

అక్క తల ఊపింది.

"ఆయనా అట్టాగే కెలికి వదిలేసేవాడు" అంది వదిన. "రేపు పొద్దున్నే మొదటి బండికి పోదాం. నేనొస్తాను. నాకు దారి తెలుసు."

తెనాలిలో గొంతులో మందు కొట్టి గొట్టం వేసేదాకా అక్క వదిన చెయ్యి వదల్లేదు. వదిన చేతి గాజు ఒకటి వంకరపోయింది. డాక్టరు ఒకచోట మానని పుండు ఉందన్నాడు. ముక్కలు తీసి పంపాడు. నేనే కోశాను. డాక్టరమ్మ చూసి, "వీటిలో క్యాన్సర్ లేదండి. కానీ పుండు అంచులు సరిగా రాలేదు. మళ్ళీ తీస్తే మంచిది" అంది.

ఈసారి రెండు సగాలూ మోసుకెళ్ళాను. ఫోన్లో చెప్పలేదు, రేపల్లె వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాను. అక్క విని, పెనం మీద దోసె తిప్పి, "అంటే ఇంకోసారి కొయ్యాలా?" అంది.

"కొయ్యాలక్కా."

"మొదటిసారి అందకపోవచ్చు. అంతేగా?"

"అంతే."

"అయితే లోతుగా తియ్యమను. మళ్ళీ మళ్ళీ నేను రాను, కొట్టు మూసుకుని." దోసె నా పళ్ళెంలో పడేసింది. "మీ వదినకు ఫోను చెయ్యి. అది లేకుండా ఆ గొట్టం నేను మింగను."

రెండోసారి తీసిన ముక్కల్లో కూడా క్యాన్సర్ లేదు. కడుపులో చేరిన క్రిమి వల్ల వచ్చిన పుండేనని తేలింది. మందులిచ్చారు, మళ్ళీ వచ్చి మానిందో లేదో చూపించుకోమన్నారు. అక్క ఇప్పుడు ఒకటిన్నర ఇడ్లీ తింటోంది. అది క్యాన్సరని తేలి ఉన్నా నేను ఇదే రాసేవాణ్ణి. ముక్క చెప్పేది ఉన్నదాని గురించే. దాన్ని పుట్టించదు, పంపించదు. మా అక్క బాగుంది కాబట్టి వదిన నిర్దోషి అని ఎవరైనా అంటే, అదీ తప్పే.

అలా అనేవాళ్ళు బయల్దేరారు కూడా. మావయ్య మొన్న ఫోనులో, "ఏమైనా మీ వదిన హస్తవాసి మంచిదిరా, తీసుకెళ్తే పుండుతో పోయింది" అన్నాడు. నిన్నటిదాకా చంపిన చెయ్యి అదే. హస్తవాసి లేదు, ఏమీ లేదు, అనుమానమొస్తే వెళ్ళడం ఉంది అని ఆయనతో గట్టిగానే చెప్పాను. ఫోను పెట్టేశాడు.

వదిన భట్టిప్రోలు తిరిగి రాలేదు. రమ్మని అక్క కబురు పెట్టింది, కొట్టులో కలిసి చేసుకుందాం అంది. హాస్టలు పిల్లలకు పరీక్షలు, అయ్యాక చూద్దాం అందట. వస్తుందో రాదో నాకు తెలియదు, అడిగే హక్కు కూడా నాకు లేదు. హస్తవాసి మాట మాత్రం ఆవిడకు ఫోన్లో చెప్పాను, నవ్వుతుందేమోనని.

నవ్వలేదు. "చెయ్యి సంగతి మానేసి నోళ్ళ సంగతి చూసుకోమను" అంది. వెనకాల పెద్ద గిన్నె ఏదో దించిన చప్పుడైంది. "నీది కూడా" అని పెట్టేసింది.